జపాన్‌లో పాత ఇంటికి రేటు ఎందుకు రాదంటే

బుజ్జీ, చింటూ,

టోక్యోలో మీ అత్త వాళ్ళ వీధిలో ఇల్లు కూలగొడుతున్న వీడియో పంపితే "అంత బాగున్న ఇంటిని ఎందుకు పడగొడుతున్నారు తాతయ్యా" అని అడిగారు కదా, ఫోన్లో చెప్తే మీరు సగం కూడా వినరు, అందుకే రాస్తున్నా.

పని మొదలయ్యే ముందు రోజు కూల్చేవాళ్ళ తరఫున ఒకాయన మీ అత్త వాళ్ళ తలుపు కొట్టి, దుమ్మూ చప్పుడూ ఉంటాయి ఏమీ అనుకోకండి అని నడుం దాకా వంగి, చిన్న టవల్ చేతిలో పెట్టి వెళ్ళాడు. మన దగ్గరైతే పొద్దున్నే లేచేసరికి వీధిలో జేసీబీ ఉంటుంది, అంతే! తర్వాత చుట్టూ పరదాలు కట్టి, నీళ్ళు కొడుతూ, చెక్క ఒకవైపు ఇనుము ఒకవైపు వేరు చేశారు.

అక్కడ విలువంతా నేలదే. టాక్స్ లెక్కల్లో చెక్క ఇంటి ఆయుష్షు 22 ఏళ్ళు, కాంక్రీటుదైతే 47. ఇరవై రెండు దాటితే కూలిపోతుందని కాదు, అది పన్ను కోసం పెట్టిన అంకె, కానీ బ్యాంకులూ కొనేవాళ్ళూ దాన్నే పట్టుకు కూర్చున్నారు. కొత్త బండి షోరూం గేటు దాటగానే రేటు పడిపోతుంది చూడండి, ఇంటిదీ అదే కథ. ప్రకటనల్లో "పాత ఇల్లు ఉన్న స్థలం" అనే రాస్తారు, కూల్చే ఖర్చు చాలాసార్లు కొన్నవాడి నెత్తినే. ఎలాగూ జీరో అవుతుందని ఎవరూ సరిగ్గా రిపేర్లు చేయించరు, చేయించరు కాబట్టి నిజంగానే పాడవుతుంది. నాకు ఇదే అసలు జబ్బు అనిపిస్తుంది.

అయితే పాత ఇళ్ళంటే ఉన్న భయం ఉత్తది కాదు. 1981 జూన్‌లో భూకంపాల రూల్స్ గట్టి చేశారు, 1995లో కోబె భూకంపంలో ఆరు వేల మందికి పైగా పోయారు, 1981కి ముందు రూల్స్‌తో కట్టిన ఇళ్ళే ఎక్కువ దెబ్బతిన్నాయి. 2000లో చెక్క ఇళ్ళకి మళ్ళీ బిగించారు.

ఇంకో తమాషా, 2023 లెక్కల్లో 90 లక్షల ఇళ్ళు ఖాళీ! పల్లెల్లో కొనేవాడు లేడు, కూలిస్తే స్థలం మీద పన్ను రాయితీ పోతుంది, అందుకని తాళం వేసి వదిలేస్తారు.

టోక్యో ఫ్లాట్లు మాత్రం వేరే, కొత్తవి అందక కుర్రజంటలు పాతవి కొని లోపల కొత్తగా చేయించుకుంటున్నారు. మీ అత్తకి కూడా స్టేషన్ పక్కన ఒకటి తెగ నచ్చింది, 1982లో కట్టింది. కానీ 1981 జూన్ రూల్స్‌తో కట్టిందో లేదో తెలియాలంటే చూడాల్సింది కట్టడం పూర్తయిన ఏడాది కాదట, ప్లానుకి పర్మిషన్ వచ్చిన తేదీ అట. ఆ కాగితం ఇంకా రాలేదు, మీ మామయ్య రోజూ ఏజెంటుకి ఫోన్ చేస్తున్నాడు.

మీ తాతయ్య