బీస్బరీ ఎలా చచ్చాడు? ‘హౌస్ ఆఫ్ ద డ్రాగన్’ వెనకున్న మూడు సాక్ష్యాలు

(ఈ టీవీ సిరీస్ మొదటి రెండు సీజన్లూ చూడనివాళ్లు, దానికి ఆధారమైన ‘ఫైర్ అండ్ బ్లడ్’ పుస్తకం చదవబోయేవాళ్లు ఇది తర్వాత చదువుకోవచ్చు. ఇందులో కథ చాలావరకు బయటపడుతుంది.)

రాజు విసేరిస్ కన్నుమూశాడు. తెల్లవారకముందే రాణి అలిసెంట్ మంత్రుల్ని పిలిపించింది. కూతురు రెనీరాకు దక్కాల్సిన సింహాసనం మీద రాణి కొడుకు ఏగాన్‌ను కూర్చోబెట్టాలన్నది ఆలోచన. కోశాధికారి లైమన్ బీస్బరీ అనే ముసలాయన ఒక్కడే అడ్డం తిరిగాడు. మొదటి సీజన్ 9వ ఎపిసోడ్‌లో రాజరక్షకుడు క్రిస్టన్ కోల్ ఆయన భుజం పట్టి కుర్చీలోకి ఒక్క తోపు తోస్తాడు. తల వెళ్లి బల్ల మీది రాతి గుండుకు కొట్టుకుంటుంది. అక్కడికక్కడే ప్రాణం పోతుంది.

పుస్తకంలో ఇట్లా లేదు. అసలు ఎలా ఉందో ఒక్క మాటలో చెప్పడం కుదరదు, ఎందుకంటే అక్కడ ఆయన మూడు రకాలుగా చస్తాడు. కోల్ కత్తితో గొంతు కోశాడని ఒకరు, కిటికీలోంచి తోసేస్తే కింద కందకంలోని ఇనుప శూలాల మీద పడ్డాడని ఇంకొకరు, చీకటి కొట్లో పడేస్తే చలి తగిలి పోయాడని మరొకరు. ఏది నిజమో పుస్తకం తేల్చదు.

ఈ సిరీస్ వెనకున్న లోకాన్ని అర్థం చేసుకోవడానికి అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఇదే. 2018 నవంబరులో వచ్చిన ‘ఫైర్ అండ్ బ్లడ్’ మామూలు నవల కాదు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ దాన్ని ఆ లోకంలోని ఒక పండితుడు రాసిన చరిత్రగా రాశాడు. ఆ పండితుడి పేరు ఆర్చ్‌మేస్టర్ గిల్డేన్. జరిగినవేవీ ఆయన కళ్లారా చూడలేదు. చాలా ఏళ్ల తర్వాత పాత రాతలు ముందేసుకుని రాశాడు. ‘డ్రాగన్ల నాట్యం’ అని పిలిచే అంతర్యుద్ధానికి ఆయన చేతిలో ముఖ్యంగా మూడు ఆధారాలున్నాయి. ఒకటి గ్రాండ్ మేస్టర్ మంకన్ రాసిన చరిత్ర. అది చాలావరకు ఆర్వైల్ అనే ఇంకో మేస్టర్ జైల్లో రాసుకున్న వాంగ్మూలం మీద ఆధారపడింది. ఆ ఆర్వైల్ రాణి మంత్రాంగంలో కూర్చున్నవాడే, కాబట్టి తన చేతికి నెత్తురు అంటలేదని చూపించుకోవాలి. చలి తగిలి పోయాడన్న మాట ఆయనదే. రెండోది సెప్టన్ యూస్టస్ అనే పూజారి రాత. గొంతు కోత ఆయనది. మూడోది కొలువులో ఉన్న మరుగుజ్జు విదూషకుడు మష్రూమ్ చెప్పిన ముచ్చట్లు. కిటికీ, శూలాలు అతనివి. మష్రూమ్ మాటల్లో బూతు ఎక్కువ, కోతలు ఎక్కువ. కానీ వాణ్ణి తెలివితక్కువవాడనుకుని పెద్దలంతా వాడి ముందే అన్నీ మాట్లాడుకునేవాళ్లు, అందువల్ల కొన్నిచోట్ల నిజం తెలిసింది వాడొక్కడికే కావచ్చు.

కెమెరాకు ఈ సదుపాయం లేదు. ఒక మనిషి తెర మీద ఒక్కసారే చస్తాడు. అందుకే సిరీస్ కర్త ర్యాన్ కొండల్ బృందం ప్రతి చోటా ఒక దారి ఎంచుకోవలసి వచ్చింది, కొన్నిచోట్ల ముగ్గురూ చెప్పని నాలుగో దారి పట్టింది. బీస్బరీ చావు అలాంటిదే. ఆ రాతి గుండ్లు కూడా సిరీస్‌వాళ్లు కల్పించినవే. మంత్రాంగానికి వచ్చినవాడు తన గుండును బల్ల మీది గుంటలో పెడితే హాజరు పడినట్టు. మొదటి ఎపిసోడ్ నుంచీ మనకు అలవాటు చేసిన వస్తువే చివరికి హత్యాయుధం అయింది.

ఇక తగాదా మూలం. ఇది ఇంగ్లీషులో చూసేవాళ్లకు గజిబిజిగా ఉంటుంది, అందరినీ ‘కజిన్’ అనేస్తారు గనక. మన వరసల్లో చెప్పుకుంటే తేలిక. జహేరిస్ అనే రాజు 55 ఏళ్లు ఏలాడు. పెద్దకొడుకు ఏమన్ వాళ్ల లెక్కలో 92వ సంవత్సరంలో చనిపోయాడు. అతనికి రేనిస్ అని ఒక్కతే కూతురు. రాజు మనవరాలిని పక్కన పెట్టి చిన్నవాడు బేలన్‌ను వారసుణ్ణి చేశాడు. 101లో బేలన్ కూడా పోయాడు. అప్పుడు హారెన్‌హాల్ కోటలో వెయ్యిమందికి పైగా దొరలు కూడి 14 మంది హక్కుల్ని విన్నారు. చివరికి బేలన్ కొడుకు విసేరిస్‌ను ఎన్నుకున్నారు.

విసేరిస్‌కు రేనిస్ పెదనాన్న కూతురు, వయసులో పెద్దది, అంటే అక్క. అంటే విసేరిస్ కూతురు రెనీరాకు ఆమె మేనత్త. ఆమె కొడుకు లేనోర్ రెనీరాకు బావ అవుతాడు. వాళ్ల పెళ్లి మన ఊళ్లలో ఎవరికీ వింతగా అనిపించని మేనరికం. వింత దాని తర్వాతది. రెనీరా రెండో పెళ్లి సొంత చిన్నాన్న డేమన్‌తో. ఏగాన్ పెళ్లాడింది తోడబుట్టిన చెల్లెలు హెలేనాను. ఈ వంశంలో నెత్తురు బయటికి పోతే డ్రాగన్లు మాట వినవన్న నమ్మకం. అక్కడి మతం దాన్ని పాపం అన్నది, నెత్తురు పారింది. జహేరిస్ కాలంలో ఈ కుటుంబం తక్కిన మనుషుల్లాంటిది కాదని పూజారుల చేతే చెప్పించి రాజీ కుదుర్చుకున్నారు.

హారెన్‌హాల్ సభ దగ్గర పుస్తకానికీ సిరీస్‌కూ పెద్ద తేడా ఉంది. సిరీస్ మొదట్లోనే వినిపించే గొంతు, పోటీ విసేరిస్‌కూ రేనిస్‌కూ అంటుంది. పుస్తకంలో విసేరిస్‌తో చివరిదాకా నిలిచినవాడు రేనిస్ కొడుకు లేనోర్, 7 ఏళ్ల పిల్లవాడు. ఇది చిన్న మార్పు కాదు. ఆడది ఏలకూడదు అనడం వేరు, ఆడదాని ద్వారా మగబిడ్డకు కూడా హక్కు రాదనడం వేరు. పుస్తకంలోని సభ రెండో మాట కూడా అనేసింది. మన కాకతీయుల్లో ప్రతాపరుద్రుడు రుద్రమదేవికి దౌహిత్రుడు, కూతురి కొడుకు. హారెన్‌హాల్ తీర్పు ప్రకారం అతనికి ఓరుగల్లు సింహాసనం దక్కేదే కాదు.

105లో విసేరిస్ రెనీరాను వారసురాలిగా ప్రకటించి దొరల చేత ఒట్టు వేయించాడు. 107లో రెండో భార్యకు ఏగాన్ పుట్టాక ఆ ఒట్టు మళ్లీ వేయించలేదు. 129లో రాజు పోయేనాటికి ఒట్టు వేసినవాళ్లలో చాలామంది లేరు. ఇటు రాజు మాట, అటు 101 నాటి సభ తీర్పు. రెంటిలో ఏది చట్టం అన్నది ఆ లోకంలో ఎక్కడా రాసి లేదు. యుద్ధం పుట్టింది ఆ ఖాళీలోంచే.

మార్టిన్ దీనికి అచ్చు 12వ శతాబ్దపు ఇంగ్లండులో తీసుకున్నాడు. 1120 నవంబరు 25న వైట్ షిప్ అనే ఓడ మునిగి రాజు ఒకటో హెన్రీ కొడుకు విలియం పోయాడు. హెన్రీ 1127లో కూతురు మటిల్డాకు దొరల చేత ఒట్టు వేయించాడు. ఆ ఒట్టు వేసినవాళ్లలో మేనల్లుడు స్టీఫెన్ ఒకడు. 1135 డిసెంబరు 1న హెన్రీ పోతే, డిసెంబరు 22కల్లా స్టీఫెన్ కిరీటం పెట్టుకున్నాడు. 1141లో మటిల్డా లండన్ దాకా వచ్చినా పట్టాభిషేకం కాకుండానే జనం తరిమేశారు. 1153లో రాజీ, 1154లో ఆమె కొడుకు రెండో హెన్రీ రాజు. తల్లికి నిలవనిది కొడుక్కు దక్కడం మార్టిన్ కథలోనూ అంతే.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది హ్యూ బిగాడ్ సంగతి. మరణశయ్య మీద రాజు మనసు మార్చుకున్నాడని ఈ దొర సాక్ష్యం చెప్పాడు. స్టీఫెన్‌కు అదే ఊతం. సిరీస్‌లో విసేరిస్ ఆఖరి ఘడియల్లో మత్తులో ఏగాన్ పేరు గొణుగుతాడు. ఆయన తలుచుకున్నది వంశకర్త ఏగాన్ కన్న కలను, అలిసెంట్ అనుకున్నది తన కొడుకుని. పుస్తకంలో ఈ పొరపాటు లేదు. కలను మార్టినే సూచించాడని కొండల్ చెప్పాడు, కానీ దాన్ని మరణశయ్య దగ్గర వాడుకోవడంతో అలిసెంట్ మనిషే మారిపోయింది. పుస్తకంలో ఆమె రెనీరా కంటే 9 ఏళ్లు పెద్ద, మొదటినుంచీ కొడుకు పక్షమే. సిరీస్‌లో ఈడుజోడు స్నేహితురాలు, తప్పుగా విన్న మాటను నమ్మిన మనిషి. నా దృష్టిలో ఇది సిరీస్ చేసిన మార్పుల్లో అన్నిటికన్నా బలమైనది.

ఆ కథకు కాకతీయులతో సంబంధమేమీ లేదు. కానీ నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల పాఠకుడికి గిల్డేన్ ఇబ్బంది చప్పున అర్థమవుతుంది, ఎందుకంటే అలాంటి మూడు సాక్ష్యాలు మన దగ్గరే ఉన్నాయి. చీరాలకూ ఒంగోలుకూ మధ్య తీరాన మోటుపల్లి ఉంది. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇక దోచుకోం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించిన రేవు అది. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని రాశాడు. భర్త పోయి 40 ఏళ్లయినా ఒక రాణి చక్కగా ఏలుతోందన్నాడు. అంటే గణపతిదేవుడికి రుద్రమ భార్య అనుకున్నాడు. ఆమె కూతురని శాసనాలు తేల్చాయి. రెండో సాక్ష్యం ‘ప్రతాపచరిత్రము’. తండ్రి చిన్నభార్య కొడుకులు హరిహరదేవుడు, మురారిదేవుడు అక్కమీద తిరగబడ్డారంటుంది. సవతి తమ్ముళ్లు! శాసనాల్లో వాళ్ల జాడ లేదు. మూడోది రాయి. రుద్రమ చనిపోయిందని 1289 నవంబరు 27 నాటి చందుపట్ల శాసనం చెబుతుంది, ఎవరి చేతిలోనో చెప్పదు. మరుసటి ఏడు త్రిపురాంతకంలో తిరుగుబాటు సామంతుడు అంబదేవుడు తన గెలుపులన్నీ చెక్కించుకున్నాడు. ఈ రెండు రాళ్లనూ పక్కపక్కన పెట్టి, ఆమెను చంపింది అతనేనని చరిత్రకారులు ఊహించారు. రాయి కూడా అబద్ధమాడకపోవచ్చు గానీ చెక్కించినవాడి గొప్పే చెబుతుంది. ఇక ఖడ్గతిక్కన యుద్ధం వదిలి ఇంటికొస్తే భార్య మంచం చాటున పసుపు ముద్దతో స్నానానికి నీళ్లు పెట్టిందన్న ముచ్చట ఉందే, అది అచ్చం మష్రూమ్ సరుకు. జరిగిందో లేదో తెలియదు, జనం మరిచిపోరు.

రెండు వర్గాల పేర్ల సంగతి క్లుప్తంగా: పుస్తకంలో 111 నాటి పోటీల్లో రాణి ఆకుపచ్చ, రెనీరా తమ వంశపు ఎరుపు నలుపు కట్టుకొచ్చారు. అక్కణ్ణుంచి ‘గ్రీన్స్’, ‘బ్లాక్స్’. సిరీస్ దీన్ని రెనీరా పెళ్లి విందులోకి మార్చి, రాణి పుట్టింటి హైటవర్ వాళ్లు యుద్ధానికి పిలుపిచ్చేటప్పుడు దీపస్తంభంలో ఆకుపచ్చ మంట వెలిగిస్తారన్న కారణం జోడించింది.

ఒక దారం లాగితే బట్ట ఎంత దూరం ఊడుతుందో రెండో సీజన్‌లో చూడొచ్చు. పుస్తకంలో హెలేనాకు ముగ్గురు పిల్లలు: కవలలు జహేరిస్, జహేరా, ఆఖరివాడు రెండేళ్ల మేలర్. డేమన్ పంపిన హంతకులు వచ్చి, ఇద్దరు కొడుకుల్లో చావాల్సినవాణ్ణి ఎంచుకోమని ఆమెతో అంటారు. ఆమె ఏమీ తెలియని చిన్నవాణ్ణి చూపిస్తుంది. వాళ్లు నిన్నే చావమంది మీ అమ్మ అని చిన్నవాడితో చెప్పి, పెద్దవాణ్ణి చంపిపోతారు. సిరీస్‌లో మేలర్ లేడు. ఉన్నది కొడుకొకడు, కూతురొకతె. కవలల్లో కొడుకెవరో చూపించమంటారు, ఆమె చూపిస్తుంది. ఎంపిక అన్నదే మాయమైంది. అంత చిన్న పిల్లవాడితో షూటింగు నెమ్మదిస్తుంది, ఖర్చు పెరుగుతుంది అన్నది కొండల్ చెప్పిన కారణమని 2024 సెప్టెంబరులో మార్టినే తన బ్లాగులో రాసి, కొద్దిసేపటికే తీసేశాడు.

ఆయన బాధ ఆ ఒక్క సన్నివేశం గురించి కాదు. పుస్తకంలో ఒక రాజరక్షకుడు మేలర్‌ను దాచి తీసుకుపోతుంటే బిట్టర్‌బ్రిడ్జ్ ఊళ్లో జనం చేతుల్లో ఆ బిడ్డ చనిపోతాడు. ఆ తర్వాత హెలేనా కోట కిటికీలోంచి శూలాల మీదికి దూకుతుంది. ఆమె చావుతో నగరంలో జనం ఎగబడతారు, అప్పటికి రాజధానిని గెలుచుకుని కూర్చున్న రెనీరా సింహాసనం కదిలిపోయేది అక్కడే. మేలర్‌ను తీసేశాక హెలేనా దూకడానికి కొత్త కారణం రాయాలి, దాన్నిబట్టి ఊరు తిరగబడడానికీ ఇంకో కారణం వెతకాలి.