అందమైన మొక్కకు దిగుబడి ఎక్కువా? ఓట్స్ ఎంపికపై అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్ల ఇంట్లో రాగిపిండి డబ్బా పక్కన ఓట్స్ డబ్బా కూడా ఉంటోంది. పొద్దున వాకింగ్‌లో కలిసేవాళ్లు నన్ను పట్టుకుని అడుగుతుంటారు: "మీరు విత్తనాల సైంటిస్టు కదా సార్, ఈ ఓట్స్ మన దగ్గర పండవా? ఎక్కువ పండే రకం తయారు చేయలేరా?" నా ఉద్యోగం మొదటి సగం ఉత్తరాదిన ఓట్స్ మీద గడిచింది, రెండో సగం ఇక్కడ రాగి మీద గడుస్తోంది. రెండు పంటల్లోనూ నేను చేసే పని ఒకటే: వందల మొక్కల్లోంచి కొన్నిటిని ఉంచి, మిగతావి వదిలేయడం. బయటివాళ్లకు ఈ పని చాలా తేలిగ్గా కనిపిస్తుంది. అందుకే దీని మీద అపోహలు కూడా ఎక్కువ.

ముందుగా ఒక విషయం. మన దేశంలో ఓట్స్ ప్రధానంగా పశుగ్రాసం పంట. హిందీలో జై అంటారు. పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ వైపు చలికాలంలో పశువులకు కోసి వేస్తారు. కెంట్, బుందేల్ జై 822 లాంటివి ఆ కోవలో పేరున్న రకాలు. మనం పాలలో వేసుకునే ఓట్స్ గింజ చాలావరకు ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. కాబట్టి "ఎక్కువ దిగుబడి" అనగానే నేను అడిగే మొదటి మాట: గడ్డా, గింజా? రెండిటికీ ఎంచుకోవాల్సిన గుణాలు వేరు.

అపోహ: చేలో అన్నిటికంటే ఏపుగా ఉన్న మొక్కను విత్తనానికి ఉంచితే, రకం ఏటేటా మెరుగవుతుంది.

ఈ పొరపాటు నేనే చేశాను కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఓట్స్ మడిలో ఒక మొక్క నా కంటపడింది. పదకొండు పిలకలు (మొదలు నుంచి పుట్టే పక్క కాడలు), ప్రతి పిలకకూ నిండు కంకి. పక్క మొక్కలకు నాలుగైదు పిలకలే. దానికి ఎర్రదారం కట్టాను, కంకులకు సంచి తొడిగాను, రోజూ సాయంత్రం వెళ్లి చూసుకునేవాణ్ణి. మరుసటి ఏడాది దాని గింజలతో మూడు వరుసలు విత్తాను. ఆ మూడు వరుసలకూ పక్క వరుసలకూ వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు పాత మడి పటం తీసి చూస్తే విషయం తెలిసింది. నా మొక్క మడి చివరి వరుసలో, నీటికాలువ గట్టు పక్కన ఉంది. ఒకవైపు పోటీ లేదు. వెలుతురు, నీళ్లు, ఎరువు అన్నీ దానికి రెట్టింపు అందాయి. నేను ఎంచుకున్నది గట్టు మహిమను. అది విత్తనంలోకి దిగదు.

డెన్మార్క్‌కు చెందిన జొహాన్సన్ ఈ సంగతిని 1903లోనే చిక్కుడు గింజలతో తేల్చాడు. స్వపరాగ సంపర్కం జరిగే, అంటే తన పుప్పొడితోనే తాను గింజ కట్టే పంటలో ఒకే మొక్క నుంచి వచ్చిన సంతతి అంతా జన్యుపరంగా దాదాపు ఒకటే. అందులో పెద్ద గింజ ఏరి విత్తినా, చిన్న గింజ ఏరి విత్తినా తర్వాతి పంట సగటు ఒకేలా ఉంటుంది. ఓట్స్, రాగి, వరి, వేరుశనగ అన్నీ ఈ జాతివే.

అలాగని రైతు విత్తనం ఏరుకోవడం దండగని కాదు. బెరుకులు, అంటే వేరే రకం మొక్కలు తీసేయడం, తాలు లేని నిండు గింజ ఉంచుకోవడం మంచి పని. దానివల్ల రకం స్వచ్ఛంగా ఉంటుంది, మొలక బాగుంటుంది. పాతకాలపు నాటు విత్తనంలో పలు రకాలు కలిసి ఉండేవి కాబట్టి, అందులోంచి ఏరితే నిజంగానే కొత్త రకం దొరికేది. కలవని విత్తనంలో మాత్రం ఏరడానికి ఏమీ ఉండదు.

అపోహ: కంకి పెద్దదైతే దిగుబడి పెద్దది.

పాకాల వైపు ఒక పెద్దాయన మా రాగి మడి చూడటానికి వచ్చి, నేను తీసేసిన మొక్కను పట్టుకుని నిలదీశాడు. "ఏం నాయినా, అరచేయంత కంకి ఉండేదాన్ని పెరికేస్తివే?" అడగాల్సిన ప్రశ్నే.

గింజ దిగుబడి మూడు సంఖ్యల గుణకారం: చదరపు మీటరులో ఎన్ని కంకులు, కంకికి ఎన్ని గింజలు, గింజ బరువు ఎంత. ఓట్స్‌లో ఉదాహరణకు మీటరుకు 300 కంకులు, కంకికి 35 గింజలు, గింజకు 35 మిల్లీగ్రాములు అనుకోండి. మీటరుకు 367 గ్రాములు వస్తుంది, అంటే ఎకరాకు దాదాపు 15 క్వింటాళ్లు. ఇప్పుడు పిలకలు బాగా పెట్టే రకం తెచ్చాం, కంకులు 400 అయ్యాయి. సంబరపడేలోపే కంకికి గింజలు 28కి, గింజ బరువు 32 మిల్లీగ్రాములకు దిగితే మొత్తం 358 గ్రాములే. కంకులు మూడోవంతు పెరిగాయి, దిగుబడి తగ్గింది. ఈ అంకెలు లెక్క కోసం వేసినవే గానీ, మడిలో ఇలాంటిది నేను చాలాసార్లు చూశాను.

ఎందుకిలా అవుతుందంటే, మూడూ ఒకేసారి తయారవ్వవు. పిలకలు ముందు, గింజల సంఖ్య కంకి ఇంకా పొట్టలో ఉండగా, గింజ బరువు అన్నిటికంటే చివర. మొక్కకు ఉన్న ఆహారం ఒక్క కుండే. ముందు కూర్చున్నవాళ్లు ఎక్కువ తింటే చివరి పంక్తికి తక్కువ పడుతుంది. అందుకే ఒక గుణాన్ని పట్టుకుని లాగితే ఇంకో గుణం జారుతుంది. పైగా ఒంటరిగా విజృంభించే మొక్క పక్కవాళ్ల వెలుతురు, నీళ్లు లాక్కుని పెరిగినది కావచ్చు. అలాంటివే ఎకరా నిండా వేస్తే, ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. పంటకు కావాల్సింది పక్కమొక్కతో సర్దుకుపోయే మొక్క అని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డొనాల్డ్ 1968లో రాశాడు. ఆ పెద్దాయనకు ఇదే చెప్పి, ఆ రకం వరుస మొత్తం చూపించాను. అరచేయంత కంకులు మూడో నాలుగో, మిగతా పిలకలన్నీ వట్టివి. ఆయన వరుస పొడవునా నడిచి, వంగి లెక్కపెట్టి, "సరే, పెరుక్కో" అన్నాడు.

మరి మేం దేన్ని చూస్తాం? ఒంటరి మొక్కలో చూసి నమ్మదగ్గవి కొన్నే: ఎన్ని రోజులకు కంకి వేసింది, ఎత్తు ఎంత, తెగులు తగిలిందా. ఈ గుణాలు సంతతికి బాగా దిగుతాయి. కాబట్టి రెండు రకాలను కలిపి సంకరం చేసిన తర్వాత రెండో మూడో తరంలోనే వీటి మీద గట్టిగా ఏరేస్తాం. దిగుబడి మాత్రం ఒక్క మొక్కలో చూసి చెప్పలేం, నేల చిన్న మార్పు కూడా దాన్ని తారుమారు చేస్తుంది. అందుకే దాన్ని తర్వాతి తరాలకు దాచుకుంటాం. వరుసలుగా, ఆ తర్వాత మడులుగా, పలుచోట్ల పలు ఏళ్లు పెంచి తూస్తాం. నడుమ నేను వదలకుండా చూసేవి రెండు. పెట్టిన పిలకల్లో ఎన్ని కంకి వేశాయి? గింజ పాలు పోసుకునే నాటికి పోటాకు, అంటే కంకి కింద ఉండే చివరి ఆకు, ఇంకా పచ్చగా ఉందా?

అపోహ: పొట్టి రకమైతే చాలు, గోధుమ, వరిలో అయినట్టే ఓట్స్‌లోనూ విప్లవం వస్తుంది.

పొట్టి మొక్క పడిపోదు, ఎరువు తట్టుకుంటుంది, నిజమే. 1966లో వచ్చిన ఐఆర్8 వరి అలాగే దేశాలు తిరిగింది. ఓట్స్‌లోనూ పొట్టి జన్యువులున్నాయి. వాటిలో పేరున్నది డీడబ్ల్యూ6. చిక్కేమిటంటే, దాని వల్ల కంకి కింది కాడ కూడా కురచవుతుంది, కంకి పోటాకు తొడుగులోంచి పూర్తిగా బయటికి రాదు. లోపల ఇరుక్కున్న భాగంలో గింజ సరిగా పట్టదు. అందువల్ల ఓట్స్‌లో చాలామంది పని మధ్యరకం ఎత్తు, గట్టి కాడ మీదే సాగింది. గడ్డి కోసమైతే అసలు పొట్టిదనమే నష్టం.

అపోహ: బస్తా బరువే దిగుబడి.

ఒక ఓట్స్ గింజను గోటితో విప్పి చూడండి. వడ్ల గింజలాగే పైన గట్టి పొట్టు ఉంటుంది. ఒకే చిన్న పూగుత్తిలో కింది గింజ లావుగా, దాని ఒడిలో రెండోది సన్నగా, ఒక్కోసారి మూడోది నలుసంత ఉంటాయి. ఆ పొట్టు బరువు మొత్తం గింజలో పావు నుంచి దాదాపు మూడోవంతు దాకా ఉంటుంది. రెండు రకాలు ఎకరాకు సమానంగా పండినా, ఒకదాంట్లో తినే పప్పు 75 శాతం, ఇంకోదాంట్లో 68 శాతం ఉంటే అవి సమానం కావు. నూర్చేటప్పుడే పొట్టు ఊడిపోయే ఓట్స్ కూడా ఉంది. తూకంలో తక్కువగా కనిపిస్తుంది, కారణం పొట్టు బరువు నూర్పిడిలోనే పోవడం. దాన్ని మామూలు ఓట్స్‌తో బస్తాకు బస్తా పోల్చి చెత్తరకం అనడం అన్యాయం.

అపోహ: తెగులు తట్టుకునే ఒక్క గుణం చేరిస్తే నిశ్చింత.

అమెరికాలో విక్టోరియా అనే ఓట్స్ నుంచి తుప్పు తెగులును తట్టుకునే గుణాన్ని తీసుకుని ఎన్నో రకాలు చేశారు. రైతులు ఎగబడి వేశారు. 1946 నాటికి వేరే శిలీంధ్రం ఒకటి వచ్చి సరిగ్గా ఆ రకాలనే కాల్చేసింది. ఆ శిలీంధ్రం విడుదల చేసే విషం తగిలేది విక్టోరియా జన్యువు ఉన్న మొక్కలకే. తుప్పును ఆపిన గుణాన్నీ, కొత్త తెగులుకు తలుపు తీసిన గుణాన్నీ ఎంత ప్రయత్నించినా విడదీయలేకపోయారు. నేను రాగిలో అగ్గితెగులు కోసం ఏరేటప్పుడు ఒకే తండ్రి రకం మీద ఆధారపడకపోవడానికి కారణం ఈ కథే.

అపోహ: కొత్త రకాలన్నీ జన్యుమార్పిడివే.

మార్కెట్లో జన్యుమార్పిడి ఓట్స్ లేదు. సంకరం చేయడమంటే పూమొగ్గను చిమటాతో విప్పి, అందులోని మూడు పుప్పొడి తిత్తులను పగలకముందే తీసేసి, మరో రకం పుప్పొడి అద్దడం. ఓట్స్‌లో పువ్వు చిన్నది, సున్నితం. ఉదయమంతా కూర్చుని యాభై పూలకు చేస్తే, వాటిలో గింజ కట్టేవి కొన్నే.

అపోహ: జన్యుపటం వచ్చేసింది, ఇక పొలంతో పని లేదు.

2022లో ఓట్స్ పూర్తి జన్యుపటం వచ్చింది. ఏడేసి చొప్పున ఆరు సెట్లు, మొత్తం 42 క్రోమోజోములు, మనిషి జన్యుపటానికి మూడు రెట్లకు పైగా పెద్దది. గొప్ప పని. ఇప్పుడు మొలక దశలోనే ఆకుముక్క పరీక్షించి కొన్నిటిని వదిలేయగలం, ఏళ్లు కలిసివస్తాయి. అయితే ఆ లెక్కలకు దిగుబడి అంటే ఏమిటో నేర్పేది మడిలో తూచిన బరువులే. తూకం తప్పైతే కంప్యూటర్ తప్పునే నేర్చుకుంటుంది.

ఇంతకీ మన దగ్గర పండుతుందా?

గింజ కోసమైతే నేను సలహా ఇవ్వను. ఓట్స్‌కు చల్లటి, పొడవాటి కాలం కావాలి. మన తిరుపతిలో ఫిబ్రవరి చివరికే ఎండ ముదురుతుంది, గింజ నిండకుండానే చేను పండిపోతుంది. గింజే కావాలంటే మనకు రాగి ఉంది. పక్కనే పెరుమాళ్లపల్లె పరిశోధన స్థానంలో దాని మీద పని జరుగుతోంది.

గడ్డి మాట వేరు. మొన్న పలమనేరు నుంచి ఆరు ఆవులున్న ఒకావిడ ఫోన్ చేసి, "సార్, పాలకు మంచిదంటున్నారు, వేయమంటారా?" అని అడిగింది. అక్కడ చలి కాస్త ఎక్కువ, నీళ్లుంటే వేయొచ్చు. అక్టోబర్, నవంబర్‌లో ఎకరాకు 40 కిలోలు విత్తి, 50, 60 రోజులకు మొదటి కోత కోయాలి. ఇక్కడ నేను చూసే గుణం వేరు: కోసిన తర్వాత మొదలు నుంచి ఎంత తొందరగా మళ్లీ చిగురిస్తుంది? ఆమెకు చెప్పింది ఇదే: "నేలమట్టానికి కోయొద్దమ్మా, నాలుగు వేళ్ల ఎత్తు వదలండి. రెండు మూడు రకాలు పక్కపక్కనే చిన్న మడులుగా వేసి, రెండో కోత తూచండి. ఎక్కువ తూగిందే మీ రకం." గట్టు పక్క వరుసను తూకంలో కలపొద్దని కూడా చెప్పాను.