మోడల్ యుద్ధ ట్యాంకు పైకప్పుకు గరుకు

పిల్లలూ,

తడిసిన ఉక్కు మీద బూటు జారుతుంది. అందుకే అసలు ట్యాంకుల్లో సిబ్బంది నడిచే చోట గరుకు రేణువులు కలిపిన పూత వేస్తారు. మనం ముక్కలు అతికించి మోడల్ చేసే పాత ప్లాస్టిక్ కిట్లు చాలావాటిలో ఆ చోటు నున్నగానే వస్తుంది. గరుకు మనమే పుట్టించాలి.

ముందు ఒక లెక్క. అసలు రేణువు 1 మిల్లీమీటరు అనుకుంటే, 1/35 స్కేలులో, అంటే అసలుకు 35వ వంతు సైజు మోడల్‌లో, అది 0.03 మి.మీ. కూడా ఉండదు. 400, 600 నంబరు శాండ్‌పేపర్ల మధ్య రకం రేణువంత అన్నమాట. మామూలు ఇసుక చల్లితే ట్యాంకు మీద కంకర పోసినట్టే ఉంటుంది. మెత్తని ప్యూమిస్ (అగ్నిపర్వతపు నురగరాయి) పొడి నయం. వంటసోడా చవకే కానీ నీళ్లలో కరుగుతుంది. దాని మీద నీటి రంగు తగిలితే గరుకు చదునైపోవచ్చు.

అసలు బండి ఫొటోలు చూసి పూత హద్దులు గీసుకోండి. జర్మనీ ట్యాంకు లెపర్డ్ 2 మీద అది అంచులు తేటగా కనబడే మడులుగా ఉంటుంది. పెరిస్కోపు అద్దాలు, హ్యాచ్ (పైకప్పు తలుపు) కీళ్లు, ఇంజిన్ జాలీలు మాస్కింగ్ టేపుతో మూసేయండి.

రెండు పాళ్ల తెల్ల జిగురుకు ఒక పాలు నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలపండి. సబ్బు లేకపోతే ప్లాస్టిక్ మీద జిగురు పూసల్లా విడిపోతుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల మేర మాత్రమే పలచగా పూసి, వెంటనే టీ జల్లెడతో ఓ జానెడు ఎత్తునుంచి పొడి చల్లండి. ఎక్కువ మేర పూస్తే చల్లేలోపు ఒక కొస ఆరిపోయి అక్కడ బట్టతల తేలుతుంది. జిగురు మందమైతే పొడి మునిగి గడ్డలు కడుతుంది. మోడల్‌ను బోర్లించి తట్టి, మిగులు పొడి రాల్చేయండి.

టేపు తీయడమే అసలు గండం. జిగురు పూర్తిగా ఆరాక లాగితే అంచు పొరలా చిరిగి లేస్తుంది. ఇంకా మెత్తగా ఉండగానే, టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగండి. ఆ తర్వాత ఒక రోజు ఆరనివ్వండి.

ఆరాక ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, కొట్టండి: లాక్కర్ రకం (నీళ్లతో కాక ద్రావకంతో చేసినది), రెండు పలచని పూతలు. ఒక్కసారే దట్టంగా కొడితే పడ్డ శ్రమంతా రంగు కింద పూడిపోతుంది. చివర్లో నల్లటి ఆయిల్ వాష్ (బాగా పలచన చేసిన నూనె రంగు) మొత్తం పూయకండి. గరుకు దాన్ని పీల్చుకుని మరకలు కడుతుంది. బోల్టుల చుట్టూ సన్న బ్రష్షుతో పెడితే చాలు. ముందుగా పాత ప్లాస్టిక్ ముక్క మీద ఒకసారి వేసి చూసుకోండి.

మీ తాతయ్య