డిఫరెన్స్ 270

పిల్లలూ,

తాతయ్య పోయాక ఆయన బీరువా సర్దుతుంటే పొడుగాటి కాగితం దొరికిందనీ, నిండా కూడికలే ఉన్నాయనీ, అడుగున "డిఫరెన్స్ 270" అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఉందనీ రాశారు. ఎవరికో బాకీ పడ్డారేమోనని కంగారు పడకండి. అది తాతయ్య పనిచేసిన బ్యాంకులో లెడ్జర్ బ్యాలెన్సింగ్ తాలూకు చిత్తు కాగితం, అంటే ఖాతాల పుస్తకం లెక్క సరిచూసుకున్నది. ఆయన ఉద్యోగం ఎలాంటిదో చెప్పడానికి ఆ ఒక్క కాగితం చాలు.

కంప్యూటర్లు రాకముందు ఒక్కో ఖాతాకి లెడ్జర్‌లో ఒక్కో పేజీ ఉండేది. డబ్బు కట్టినా తీసినా ఒక వోచర్. అది చూసి ఆ పేజీలో పద్దు రాసి నిల్వ తేల్చడమే పోస్టింగ్. అవే వోచర్లను ఇంకొకరు విడిగా ఆ రోజు లెక్కలు రాసే డే బుక్‌లోకి, అక్కణ్ణుంచి మొత్తాలు ఉండే జనరల్ లెడ్జర్‌లోకి ఎక్కించేవారు. కాబట్టి పేజీలన్నిటి నిల్వలూ కూడితే జనరల్ లెడ్జర్‌లో ఉన్న అంకే రావాలి. రూపాయి తేడా వచ్చినా వదలడానికి లేదు. ఒకచోట వెయ్యి ఎక్కువా, మరోచోట 999 తక్కువా పడినా పైకి కనిపించేది ఆ రూపాయే.

ఇక 270 సంగతి. ముందు కూడికే మళ్లీ వేస్తారు, ఈసారి కింద నుంచి పైకి. పై నుంచే వేస్తే కన్ను చేసిన తప్పే మళ్లీ చేస్తుంది. కూడిక సరిగ్గానే ఉంటే, 270 రూపాయల వోచర్ ఏదైనా పోస్టింగ్ కాకుండా మిగిలిందేమో చూస్తారు. లేదంటే అందులో సగం, 135 కోసం వెతుకుతారు. 135 క్రెడిట్ కావాల్సింది డెబిట్‌లో పడితే తేడా రెట్టింపవుతుంది మరి. అదీ కాకపోతే 9తో భాగిస్తారు, అంకెలు అటూఇటూ అయితే వచ్చే తేడా 9తో శేషం లేకుండా తెగుతుంది కనక. 270 తెగుతుంది. అంటే అంకెలు తారుమారై 5,850 కాస్తా 5,580 అయి ఉండొచ్చు. లేదా సున్నా జారిపోయి 300 బదులు 30 పడి ఉండొచ్చు. రెండింటికీ తేడా 270 రూపాయలే! ఇక ఆ రకం పద్దుల మీద పెన్సిల్ టిక్కులు పెట్టుకుంటూ పోవడమే.

అసలు ప్రమాదమైన తప్పు ఈ వెతుకులాటకి దొరకదు. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరి డబ్బు ఇంకొకరి పేజీలో పడితే మొత్తం చక్కగా టాలీ అయిపోతుంది. మీ స్నేహితుడి పేరు చెప్పగానే తాతయ్య ఇంటిపేరూ, తండ్రి పేరూ అడిగేవారని నవ్వుకునేవారు కదా, ఆ అలవాటు ఇక్కడిదే.

అప్పట్లో జూన్, డిసెంబర్ నెలాఖర్లలో సేవింగ్స్ ఖాతాలన్నిటికీ వడ్డీ లెక్కగట్టాల్సి వచ్చేది. 2010 మార్చి దాకా ఉన్న పద్ధతి ప్రకారం, 10వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వకే ఆ నెల వడ్డీ. నాలుగు వేలున్న ఖాతాలో 25న మూడున్నర వేలు తీసి 28న తిరిగి కట్టినా, ఆ నెలకి వడ్డీ 500 మీదే. నాకైతే అది ఖాతాదారుకి అన్యాయమే అనిపించేది. 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద లెక్కిస్తున్నారు. పాత పద్ధతిలో ఆరు నెలల కనిష్ఠ నిల్వలూ కలిపి 24,000, రేటు 5 శాతం అనుకోండి. 24,000ని 5తో గుణించి 1200తో భాగిస్తే వడ్డీ 100 రూపాయలు. ఇలా లెడ్జర్లకి లెడ్జర్లు, రాత్రి పొద్దుపోయేదాకా.

క్యాష్ కౌంటర్ ఇంకో లోకం. వంద నోట్లు ఒక ప్యాకెట్, పది ప్యాకెట్లు ఒక బండిల్. 2001లో రిజర్వ్ బ్యాంక్ వద్దనేదాకా ప్యాకెట్లకి పిన్నులు కొట్టేవారు. అవి పీకితే నోట్లు చిరిగేవి, వేళ్లూ గీరుకునేవి. సాయంత్రం డబ్బు తగ్గితే క్యాషియర్ జేబులోంచి కట్టాలి. ఎక్కువొస్తే మాత్రం ఆయనది కాదు, విడి ఖాతాలో జమ చేయాల్సిందే. స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళాలు, క్యాషియర్ దగ్గరొకటి, ఆఫీసర్ దగ్గరొకటి. ఒక్కరే తెరవలేరు. సెలవు పెట్టాలంటే ముందు తాళంచెవి అప్పగించి రిజిస్టర్‌లో సంతకం చేయాలి.

పెన్షన్ గురించీ అడిగారు. బ్యాంకులకి 1995లో వచ్చిన పెన్షన్ పథకంలో, మూడో వంతు దాకా ముందే ఒకేసారి తీసుకోవచ్చు. దాన్ని కమ్యుటేషన్ అంటారు. అందుకు నెలనెలా పడే కోత పదిహేనేళ్ల తర్వాత ఆగిపోతుంది. అరవైకి రిటైరైనవారు డెబ్బై అయిదు దాటితే మళ్లీ నిండు పెన్షన్ వస్తుందన్నమాట. మీ తాతయ్య అది చాలా ఏళ్లు అందుకున్నారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. మరణ ధ్రువపత్రం బ్యాంకులో ఇచ్చి, నాయనమ్మకి ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తు పెట్టించండి. ఆలస్యమై ఆయన ఖాతాలో పెన్షన్ పడుతూ ఉంటే తర్వాత వెనక్కి తీసుకుంటారు, కాబట్టి అది ముట్టుకోవద్దు. మంజూరయ్యాక ఏటా నవంబర్‌లో ఆవిడ లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నట్టు ధ్రువపత్రం, ఇవ్వాలి. వయసు మీద పడితే వేలిముద్రలు అరిగి యంత్రానికి అందవు. అప్పుడు ఫోన్‌లో ముఖం చూపించినా సరిపోతుంది, వెలుతురు ఎదురుగా ఉండేట్టు కూర్చోబెట్టండి.

ఇట్లు,
మీ చిన్నతాతయ్య