చంపా మీద తగువు పాతదే

ఈ మధ్య ఒక సాయంత్రం పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద మళ్ళీ అదే వాదన. ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియా నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’ గురించి. రిటైరైన మాస్టారు ఒకాయన, “ఇంత అనర్థానికీ మూలం ఆ చంపాయే” అన్నారు. మా పిన్ని ఊరుకోలేదు. “మరి భూమి ఎవరి పేరు మీదకి పోనాదండీ మాస్టారూ?” అంది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ తగువు వింటూనే ఉన్నాను. పుస్తకం అందరిదీ ఒకటే అయినా, మనుషులు దాని దగ్గరికి వచ్చిన దారులు వేరు.

ముందు కథ. గోవిందపూర్‌లో రామచంద్ర మంగరాజు జమీందారు. భగియా, సారియా పిల్లల్లేని నేతపని దంపతులు. వాళ్ళ చేతిలో ఉన్న మంచి పొలమే ఆరు మాణల ఎనిమిది గుంఠలు. మాణ ఇంచుమించు ఎకరం, దానికి ఇరవై అయిదు గుంఠలు. ఆ పొలం మీద మంగరాజు కన్ను పడింది. అతని ఇంట్లో పనిమనిషిగా ఉంటూ అతనికి దగ్గరైన చంపా, సారియాకు ఆశ పెట్టింది. అమ్మవారికి గుడి కట్టిస్తే కడుపు పండుతుందని నమ్మించింది. అమ్మవారి గొంతుగా సారియా విన్నది మనుషుల గొంతే. పొలం తాకట్టుకు వెళ్ళి తిరిగి రాలేదు. ‘నేత’ అని పేరు పెట్టి పెంచుకున్న వాళ్ళ ఆవు కూడా పోయింది. భగియాకు మతి పోయింది, సారియా ప్రాణమే పోయింది. మంగరాజు భార్య ఈ పాపం చూడలేక కుమిలి చనిపోతుంది. ఆమెను అందరూ సాఆంతాణి అనే పిలుస్తారు, అంటే మన మాటలో దొరసాని. చివరికి చంపా కూడా హత్యకు గురవుతుంది.

ఈ నవల ‘ఉత్కళ సాహిత్య’ పత్రికలో 1897 నుంచి 1899 దాకా ధారావాహికగా వచ్చింది. పుస్తకంగా వచ్చింది 1902లో. అప్పటికి గంజాం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. ఇక్కడి ఒడియావాళ్ళకు కచేరీల్లో, బడుల్లో తెలుగు ఒత్తిడి ఉండేది. అటు బాలేశ్వర్ వైపు బెంగాలీ ఒత్తిడి. 1870లో ఒక బెంగాలీ పండితుడు, ఒడియా స్వతంత్ర భాషే కాదని పుస్తకం రాశాడు. ఆ వాదాన్ని ఎదిరించి నిలబడ్డవాళ్ళలో సేనాపతి ఒకరు. అందుకే ఒడియా వాళ్ళకు ఈ నవల భాషాభిమానానికి గుర్తు. ఆయన్ని వ్యాసకవి అని పిలుచుకుంటారు.

మా తెలుగు కుటుంబాలకు అదే పుస్తకం చాలాకాలం ‘వాళ్ళ పుస్తకం’గా ఉండిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై, పర్లాకిమిడి పట్నం అందులోకి వెళ్ళింది. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి ఆ ఏడాదే ఈ ఊరు వదిలి వెళ్ళారు. మా తాతలు ఉండిపోయారు. మా ఇంట్లో మగపిల్లలు బడికెళ్ళి ఒడియా నేర్చుకున్నారు, ఉద్యోగం కోసం ఈ నవల చదివారు. వాళ్ళకు అందులో కనిపించింది జమీందారు, కోర్టు, పోలీసు, వకీలు. చంపా వాళ్ళకు కుట్రకు పనికొచ్చే పాత్ర మాత్రమే. పాపం చేసినవాళ్ళకు శిక్ష పడింది, లెక్క సరిపోయింది అనుకున్నారు. మాస్టారు చదువుకున్నది ఆ పద్ధతిలోనే. ఆయన్ని తప్పు పట్టను.

ఆడవాళ్ళు ఈ కథను ముందు విన్నారు, తరవాత చదివారు. మా అమ్మమ్మకు ఒడియా అక్షరాలు రావు. పిన్ని చదువుతూ తెలుగులో చెప్పేది. సారియా గుడికి ఒప్పుకున్న చోట అమ్మమ్మ ఆపమనేది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండని ఆడది వినే మాటలేమిటో ఆవిడకు తెలుసు. తనూ మొక్కని దేవుడు లేడు. అందుకే సారియా అమాయకురాలని ఎవరైనా అంటే అమ్మమ్మకు కోపం వచ్చేది.

చంపా సంగతి ఇంకా చిక్కు. ఆమె పుట్టుపూర్వాలు నవలలో స్పష్టంగా ఉండవు. ఆమె గురించి మనకు తెలిసినదంతా కథకుడి నోటి నుంచే, అదీ ఊరు చెవులు కొరుక్కున్నట్టు. ఆమె అందాన్ని వర్ణించే చోట, పాత కవులు ఆడదాని నడకను ఏనుగు నడకతో పోల్చితే, ఇంగ్లీషు చదివిన బాబులు గుర్రం నడక కోరుకుంటారని అతను వేళాకోళం చేస్తాడు. గజగమన అన్న మాట ప్రబంధాల్లో చదివిన తెలుగువాళ్ళం, ఆ వెక్కిరింత కవులకూ బాబులకూ తగులుతుందని ఇట్టే గుర్తుపడతాం. కథకుడి నవ్వును చంపా మీద తీర్పుగా తీసుకోవడమే మనలో చాలామంది చేసే పొరపాటని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో పోలిక మా వైపు తప్పకుండా వస్తుంది. ఈ నవల పత్రికలో మొదలైన 1897లోనే గురజాడ ‘కన్యాశుల్కం’ అచ్చయింది. మధురవాణికి నాటకంలో సొంత నోరుంది. ఎదుటివాడి కళ్ళల్లోకి చూసి మాట్లాడుతుంది. ఆమెను ప్రేమించిన పాఠకులు చంపాలోనూ మరో మధురవాణిని వెతికి, దొరక్క నిరాశపడతారు. చంపాకు తన బతుకు తానే చెప్పుకునే వీలు సేనాపతి ఇవ్వలేదు. ఆమె తప్పు చేసింది, నిజమే. సారియాను ముంచింది ఆమె మాటలే. కానీ ఆ ఇంట్లో ఆమెకంటూ ఒక్క గుంఠ భూమి అయినా రాసిచ్చారా అన్న పిన్ని ప్రశ్నకు మాస్టారి దగ్గర జవాబు లేకపోయింది.

సేనాపతికి ఆడవాళ్ళ బాధ పట్టదని మాత్రం ఎవరూ అనలేరు. 1898లో ఆయన రాసిన ‘రేబతి’ కథలో చదువుకోవాలని ఆశపడిన పిల్ల చుట్టూ ఇల్లంతా కలరాకు బలవుతుంది. ఆ పాపం చదువుదేనని నాయనమ్మ పిల్లను తిడుతుంది. “లో రేబతి, లో రేబి, లో నిఆఁ, లో చూలి” అనే ఆ తిట్టు, నిప్పూ పొయ్యీ కలిపిన శాపనార్థం, ఒడియా ఇళ్ళల్లో ఇప్పటికీ అందరికీ తెలుసు. మా అమ్మమ్మకు అది తెలుగు చేసి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ రాత్రి మాస్టారు వెళ్ళేటప్పుడు పుస్తకం అడిగి తీసుకున్నారు. సాఆంతాణి గురించి ఆ సాయంత్రం ఎవరూ మాట్లాడలేదు. తన పేరైనా లేకుండా, నోరెత్తకుండా చనిపోయిన ఆ ఇల్లాలి అధ్యాయం వచ్చే వారం చదవాలని పిన్ని అనుకుంటోంది.