చివరి మడికి నీళ్ళు

చిట్టీ, బన్నీ,

మొన్న పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినం గదా. జన్నారం దాటి ఉట్నూరు దిక్కు పోతుంటే ఆ అడవి చలికి బన్నీ చేతులు చంకల పెట్టుకొని అడిగిన మాట నాకింక చెవుల్నే ఉన్నది. "ఇంజన్ల మంట ఉంటదంటివి గదా తాతా, మరి హీటర్ పెడితే చల్లగాలెందుకొస్తుంది?" మీ నాయిన ఊకోమన్నడు. నాకు జవాబు దొరకలేదు. ఇంటికొచ్చినంక దొరికింది.

మనది ఓరుగల్లు. కారెక్కంగనే ఏసీ మీదికే చెయ్యి పోతది. ఎర్రగీత దిక్కు తిప్పే మీట ఏడాదికి పది రోజులన్న ఎవరు తిప్పుతరు? అది ఎన్నడు పాడైందో ఎవరికి తెల్వదు.

మన గీజర్ల ఉన్నట్టు కారు హీటర్ల కాలే కాయిలు ఉంటదని నేను కూడ చాన్నాళ్ళు అనుకున్న. మన కార్ల అది లేదు. ఇంజను కాలిపోకుండ దాని చుట్టు కూలెంట్ కలిపిన నీళ్ళు తిరుగుతయి. ఆ నీళ్ళు వేడెక్కి ముందున్న పెద్ద రేడియేటర్‌కు పోయి చల్లబడి మళ్ళ వస్తయి. అండ్ల కొన్ని నీళ్ళు రెండు రబ్బరు పైపుల్లో డ్యాష్‌బోర్డు ఎనుకకు పోతయి. ఆడ మీ లెక్కల పుస్తకమంత చిన్న రేడియేటర్ ఉంటది. దాని మీదికెల్లి ఫ్యాను గాలి కొడితే మీకు వెచ్చగ తగులుతది. రోడ్డు మీద వట్టిగ పోయే వేడిని మలిపి మీ చేతులకు ఇచ్చుడన్నట్టు.

ఇగ దీన్ని చెరువు కింది పొలమనుకోండ్రి. మా నాయినకు ఊరి చెరువు కింద ఎకరం ఉండె, కాలువకు చివరాఖరు మడి. నీరటాయన తూము ఎత్తిండంటే మాకు నీళ్ళొచ్చేటాళ్ళకు అర్ధరాత్రి అయితుండె. పదేండ్ల పోరన్ని, కందిలి పట్టుకొని పోయేటోన్ని. ఒకనాడు గాలికి కందిలి ఆరిపోయింది. చీకట్ల కాలువ కనబడ్తలేదు. చెప్పులిడిసి కాలు పెట్టిన. గట్టి మట్టి. గట్టు మీద కూసొని మళ్ళ పెట్టిన, మళ్ళ పెట్టిన. ఎప్పటికో బొటనవేలుకు తడి తగిలింది, ఇంత నురుగు, ఎండుటాకులు, దాని ఎనుక నీళ్ళు. "నాయినా, వచ్చినయే!" అని నేను వేసిన కేకకు పక్క పొలంల కొంగలు లేచినయి.

చెరువు తగ్గిన సంగతి ముందుగాల మాకే తెలుస్తుండె. పైన పటేలు పొలం పచ్చగనే ఉంటది. మా మడి నెర్రెలు పడ్తది.

కారుల హీటరంటే ఆ చివరి మడే. మొన్న ఇంజను వేడి చూపించే ముల్లు నడిమిట్లనే ఉన్నది, అందుకే మీ నాయిన ఫికరు పడలేదు. తెల్లారి ఇంజను చల్లగున్నప్పుడు బానెట్ ఎత్తి చూస్తే కూలెంట్ డబ్బల నీళ్ళు కింది గీతకు కూడ అందుతలేవు. అట్లనే ఇంక నెల తోలితే ఇంజనే పోయేది.

అప్పుడు కాలు పెట్టినట్టు ఇప్పుడు చెయ్యి పెట్టాలె. ఇంజను వేడెక్కినంక బందు చేసి, హీటర్‌కు పోయే రెండు పైపులు ముట్టి చూడాలె. రెండూ కాలుతుండి గాలి చల్లగొస్తే నీళ్ళ తప్పు కాదు, లోపల గాలిని మలిపే రేకు తలుపు ఇరికిందన్నట్టు. ఒకటి కాలి ఇంకోటి చల్లగుంటే కాలువల పూడిక. రెండూ చల్లగుంటే నీళ్ళన్న తక్కువ, లేకుంటే థర్మోస్టాటన్న తెరుచుకునే ఉండిపోయింది. థర్మోస్టాటంటే తూమే. కాకపోతే ఊరి తూముకు నీరటాయన కావాలె, ఇది నీళ్ళు 80, 90 డిగ్రీలకు వస్తే తనంతట తనే తెరుచుకుంటది. మూత పడకపోతే నీళ్ళన్ని పెద్ద రేడియేటర్‌కే పోయి ఇంజను సుత వేడెక్కదు. ఈడ నా చెరువు జర కుంటుతది, మా ఊరి తూము ఎన్నడు వేడి చూసి తెరుచుకోలేదు.

మనకు రెండూ చల్లగనే ఉండె. కూలెంట్ పోసినం. అయినా చల్లగాలే! బాయి మోటరుకు గాలి పట్టినట్టు పైపుల గాలి పట్టింది. ఇంజను చల్లారినంక మీ నాయిన వాకిట్ల ఎత్తు మీదికి కారు మూతి పెట్టి, కూలెంట్ మూత తీసి, హీటర్ నిండ తిప్పి స్టార్ట్ చేసిండు. బుడుబుడు మని బుగ్గలు లేచినయి, నీళ్ళు కిందికి దిగినయి, ఇంకింత పోసినం. పావుగంటకు నా అరచేతికి వెచ్చగ తగిలింది.

నీళ్ళు యాడికి పోయినయంటరా? పైపు క్లిప్పు వదులై ఆడ పచ్చటి మరక ఎండి ఉండె. ఇండ్ల నా తప్పు కూడ ఉన్నది. డబ్బ తగ్గినప్పుడల్లా "ఎందుకు తగ్గింది?" అనకుంట రెండుసార్లు బోరు నీళ్ళు పోసిన. మన బోరు నీళ్ళ సంగతి మీ స్నానాల బకెట్ అంచుకు పట్టిన తెల్లపొర చూస్తె తెలుస్తది, పైపుల్ల పూడికయ్యేది గా పొరనే. నాగోబా దేవునికేమో గోండుల్ల మెస్రం వంశపోళ్ళు కాలినడకన పోయి గోదావరి నీళ్ళు తెస్తరు, నేను నల్లా తిప్పి ఏ నీళ్ళొస్తె అవి పోసిన.

ఒక్కటి యాదుంచుకోండ్రి. ఇంజను వేడిగున్నప్పుడు ఆ మూత ముట్టొద్దు, ఆవిరి ఎగిరి మొఖం కాలుతది. కూలెంట్ కింద పడితే కడగాలె. తియ్యగుంటదని కుక్కలు నాకుతయి, అది విషం.

మంట నుంచి నీళ్ళకు, నీళ్ళ నుంచి గాలికి ఆ వేడి ఎట్లెక్కుతదో మీ సారునడుగుండ్రి. నాకైతే ఇప్పటికి వింతనే. ఆదివారం పొద్దుగాల కారు స్టార్ట్ చెయ్యకముందు మీ నాయినతోని బానెట్ ఎత్తిపిచ్చి, డబ్బ మీది రెండు గీతల నడుమ నీళ్ళు ఏడిదాంక ఉన్నయో చూసి నాకు రాయుండ్రి.

మీ తాత