వర్డ్‌లో ఫైలు సేవ్ కావడం లేదా? అపోహలు - వాస్తవాలు

సేవ్ కొట్టగానే పాత ఫైలు మీదే కొత్త అక్షరాలు పడిపోతాయని చాలామంది నమ్మకం. మిగతా అపోహల్లో సగం ఇక్కడే పుడతాయి కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

కంట్రోల్ ఎస్ నొక్కితే మైక్రోసాఫ్ట్ వర్డ్ అదే ఫోల్డర్‌లో ~ గుర్తుతో మొదలయ్యే ఒక తాత్కాలిక ఫైలు తెరిచి, డాక్యుమెంట్ మొత్తాన్ని అందులో రాస్తుంది. రాయడం పూర్తయ్యాక పాత ఫైలును తీసేసి, దాని పేరు ఈ కొత్తదానికి పెడుతుంది. ఫైలు పుట్టాలి, రాత పూర్తవాలి, పాతది పోవాలి, పేరు మారాలి. ఈ నాలుగింటిలో ఏది అడ్డం తిరిగినా ఎర్రరే. అందుకే డాక్యుమెంట్ పాడైందని బెంబేలెత్తే ముందు, అది ఉన్న ఫోల్డర్‌ని అనుమానించండి.

అపోహ: ఎర్రర్ వస్తే వర్డ్ మూసి మళ్లీ తెరిస్తే సరిపోతుంది.

ఇంతకంటే ఖరీదైన పొరపాటు లేదు. ఎర్రర్ వచ్చిన క్షణానికి మీ పని మొత్తం ఉన్నది తెర మీద కనిపిస్తున్న ఆ కాపీలోనే. మూశారా, పోయింది. ఎర్రర్ పెట్టెలో ఓకే నొక్కి, ఎఫ్12 కొట్టండి. సేవ్ యాజ్ పెట్టె వస్తుంది. సీ డ్రైవ్‌లోని డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఎంచుకుని, పొట్టి పేరు ఒకటి పెట్టి సేవ్ చేయండి. అక్కడ సేవ్ అయిందంటే తప్పు పాత ఫోల్డర్‌దే అని తేలిపోయినట్టే.

అక్కడా కాకపోతే కంట్రోల్ ఎన్‌తో ఖాళీ డాక్యుమెంట్ తెరవండి. పాతదానిలోకి వచ్చి ముందు కంట్రోల్ ఎండ్, తర్వాత కంట్రోల్ షిఫ్ట్ హోమ్ నొక్కి, కాపీ చేసి కొత్తదానిలో అతికించండి. కంట్రోల్ ఏ వాడొద్దు. ఈ వరుసలో నొక్కితే చిట్టచివరి పేరా గుర్తు ఒక్కటి ఎంపికలోకి రాదు. డాక్యుమెంట్ ఫార్మాటింగ్ సమాచారం చాలావరకు ఆ గుర్తులోనే దాగి ఉంటుంది. అది చెడిపోయి ఉంటే కంట్రోల్ ఏ దాన్ని కూడా కొత్త ఇంటికి మోసుకెళ్తుంది.

అపోహ: ‘డిస్క్ ఫుల్’ అంటే డిస్క్ నిండిందనే.

నిండి ఉండొచ్చు. కానీ లెక్క వేరు. సేవ్ జరుగుతున్న ఆ కాసేపు పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ పక్కపక్కనే ఉండాలి. ఫొటోలతో నిండిన 60 ఎంబీ నివేదిక ఉన్న పెన్ డ్రైవ్‌లో 50 ఎంబీ ఖాళీ ఉందనుకోండి. మీరు చేర్చింది ఒక్క వాక్యమే అయినా సేవ్ కాదు. పైగా వర్డ్ తన సొంత తాత్కాలిక ఫైళ్లను సీ డ్రైవ్‌లో పెట్టుకుంటుంది కాబట్టి, మీ ఫైలు డీ డ్రైవ్‌లో ఉన్నా సీ డ్రైవ్‌లో చోటు చూడాల్సిందే.

ఫోన్‌తో తీసిన ఫొటోలను నేరుగా అతికిస్తే ఫైలు బరువెక్కుతుంది. ఏదైనా బొమ్మ మీద క్లిక్ చేసి, పిక్చర్ ఫార్మాట్ ట్యాబ్‌లో కంప్రెస్ పిక్చర్స్ తెరవండి. ‘అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్’ ముందున్న టిక్ తీసేయండి. అచ్చుకు పంపేదైతే 220 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు), తెర మీద చదివేదైతే 150 చాలు. వర్డ్ ఫైలుకు గరిష్ఠ పరిమితి 512 ఎంబీ, అందులో అక్షరాల వరకు 32 ఎంబీ. ఎంత లావు నవలైనా ఆ రెండో గీత దాటదు.

అపోహ: ‘పర్మిషన్ ఎర్రర్’ వస్తే రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొడితే చాలు.

ఈ సలహా ఊరంతా తిరుగుతోంది. ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్ మీద పనిచేస్తుంటే ఇది ఎదురు తన్నవచ్చు కూడా. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన వర్డ్‌కు మామూలు లాగిన్‌లో కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్ కనిపించకుండా పోతుంటుంది.

పాత ఫైలును తీసే దగ్గర ఎవరో దాన్ని పట్టుకుని కూర్చున్నారన్నది ఈ ఎర్రర్‌కు మామూలు కారణం. ఆ ‘ఎవరో’ చాలాసార్లు విండోస్ ఎక్స్‌ప్లోరరే. కుడి పక్కన ప్రివ్యూ పేన్ తెరిచి ఉండి, మీ ఫైలు అందులో కనిపిస్తుంటే అది ఫైలును వదలదు. ఎక్స్‌ప్లోరర్‌లోకి వెళ్లి ఆల్ట్ పీ నొక్కి పేన్ మూసి, మళ్లీ సేవ్ చేసి చూడండి. యాంటీవైరస్ స్కాన్ కూడా ఇలాగే అడ్డుపడుతుంది. అదైతే కొన్ని క్షణాలాగి మళ్లీ నొక్కితే సరి.

నెట్‌వర్క్ ఫోల్డర్‌లో అయితే మీ ఖాతాకు ‘రైట్’ (రాసే) అనుమతి ఒక్కటే ఉంటే చాలదు, ‘మాడిఫై’ (మార్చే) అనుమతి ఉండాలి. పాతది తీసేసే పని గుర్తుందిగా, డిలీట్ చేసే హక్కు మాడిఫైలోనే ఉంటుంది. సిస్టమ్ అడ్మిన్‌ను అడిగేటప్పుడు ఆ మాటే వాడండి, పని తొందరగా తెములుతుంది.

అపోహ: ఎవరూ తెరవకపోయినా ‘లాక్డ్ ఫర్ ఎడిటింగ్’ అంటే వైరస్.

కాదు. ఫైలు తెరవగానే వర్డ్ పక్కనే ~$ గుర్తుతో ఒక చిన్న దాపుడు ఫైలు పెడుతుంది. అందులో ఉండేది తెరిచినవారి పేరు. అసలు పేరు కాస్త పొడవుగా ఉంటే మొదటి రెండు అక్షర సంకేతాల స్థానంలో ఈ ~$ వస్తుంది. ‘వార్షిక నివేదిక’ తెరిస్తే పక్కన ‘~$ర్షిక నివేదిక’ కనిపిస్తుంది: వ ఒక సంకేతం, దీర్ఘం ఇంకొకటి, రెండూ ఎగిరిపోయాయి. ఫైలు మూస్తే ఇది దానంతటదే పోవాలి. కరెంటు పోయినా, వర్డ్ హఠాత్తుగా మూసుకుపోయినా మిగిలిపోతుంది.

ముందు ఆ ఫైలు వేరే ఎవరి సిస్టమ్‌లోనూ తెరిచి లేదని అడిగి తెలుసుకోండి. తర్వాత మీ దగ్గరున్న వర్డ్ ఫైళ్లన్నీ సేవ్ చేసి మూసేసి, టాస్క్ మేనేజర్‌లో వర్డ్ ఇంకా నడుస్తుంటే ఎండ్ టాస్క్ కొట్టండి. ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఐటమ్స్ కనిపించేలా పెట్టి, ఆ ~$ ఫైలును మాత్రమే తొలగించండి. అసలు డాక్యుమెంట్ జోలికి పోవద్దు.

అపోహ: తెలుగులో పేరు పెడితే ఫైలు సేవ్ కాదు.

డిస్క్‌లో ఫైళ్లను అమర్చడానికి విండోస్ వాడే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్. అది పేర్లను యూనికోడ్‌లోనే, అంటే అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలున్న పట్టికతోనే దాచుకుంటుంది. తెలుగు పేరుకు ఏ అడ్డూ లేదు. తేడా వచ్చేది పొడవులో. ఫోల్డర్ల పేర్లతో కలిపి దారి మొత్తం సుమారు 260 సంకేతాలు దాటితే వర్డ్ మొరాయిస్తుంది. కంటికి ఒక్క అక్షరంలా కనిపించే ‘స్త్రీ’కి ఆరు సంకేతాలు పడతాయి: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, గుడి దీర్ఘం. ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో ఇంకో ఫోల్డర్, అన్నింటికీ వాక్యమంత తెలుగు పేర్లు పెడితే గీత ఇట్టే దాటేస్తారు. లినక్స్‌లో లెక్క ఇంకా బిగుతు. ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, పేరుకు పరిమితి 255 బైట్లు, అంటే 85 సంకేతాలతో సరి.

ఇక తేదీ గురించి. ‘బిల్లు 12/05’ అని పేరు పెడితే సేవ్ కాదు. ఏటవాలు గీతలు, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, జంట కొటేషన్లు, నిలువు గీత, < > గుర్తులు విండోస్ పేర్లలో నిషిద్ధం. 12-05 అని రాయండి.

అపోహ: తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయంటే సేవ్‌లోనే చెడింది.

ఇక్కడ రెండు వేరు వేరు జబ్బులున్నాయి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన ఫైలు మీ ఇంట్లో ఇంగ్లిషు అక్షరాల కలగాపులగంలా కనిపిస్తే ఏమీ పోలేదు. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, ఇంగ్లిషు సంకేతాల మీద తెలుగు బొమ్మలు తొడుగుతాయి. అదే ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో తెరిస్తే మళ్లీ తెలుగే.

యూనికోడ్ తెలుగును ప్లెయిన్ టెక్స్ట్‌గా సేవ్ చేసినప్పుడు వరసగా ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం నిజంగానే పోయింది, తిరిగి రాదు. సేవ్ చేసేటప్పుడు వర్డ్ ఒక పెట్టె చూపించి, పోబోయే అక్షరాలను ఎర్రగా పెట్టి హెచ్చరిస్తుంది కూడా. అక్కడ విండోస్ డిఫాల్ట్ వదిలేసి, అదర్ ఎన్‌కోడింగ్ నొక్కి యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి.

అపోహ: ఆటోసేవ్ ఉంది కదా, మనం సేవ్ కొట్టనక్కర్లేదు.

ఆటోసేవ్ పనిచేసేది మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలైన వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉన్న ఫైలుకు. సొంత డిస్క్‌లో ఉన్నదానికి దక్కేది ఆటోరికవర్, అంటే వర్డ్ హఠాత్తుగా మూసుకుపోతే పనికొచ్చేలా దాచే కాపీ, అదీ మామూలుగా పది నిమిషాలకోసారి. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి దాన్ని రెండు మూడు నిమిషాలకు తగ్గించండి. అసలు సేవ్ చేయకుండానే మూసేసిన డాక్యుమెంట్ కోసం ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్‌లో ‘రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్’ చూడండి. వచ్చేవారం చూద్దామంటే కుదరదు, ఆ కాపీలు నాలుగు రోజులే ఉంటాయి.

అపోహ: మెయిల్‌లోనో జిప్‌లోనో తెరిచి సేవ్ కొట్టినా మార్పులు అందులోనే ఉంటాయి.

ఉండవు. మీరు తెరిచింది టెంప్ ఫోల్డర్‌లో పడ్డ కాపీ. మార్పులు అక్కడే మిగిలి, తర్వాత తుడిచిపెట్టుకుపోవచ్చు. ముందు డౌన్‌లోడ్ చేయండి, జిప్ విప్పండి, ఆ తర్వాతే తెరవండి.

అపోహ: ఎక్స్‌టెన్షన్ మారిస్తే ఫార్మాట్ మారుతుంది.

మారదు. డాక్‌ఎక్స్ నిజానికి ఒక జిప్ మూట, పాత డాక్ వేరే నిర్మాణం. ఎఫ్12తోనే మార్చాలి.

అపోహ: ఏమీ తోచకపోతే వర్డ్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే.

దానికి ముందు కంట్రోల్ కీ నొక్కిపట్టి వర్డ్ ఐకాన్‌ను డబుల్ క్లిక్ చేయండి. సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది, ఎస్ అనండి. అక్కడ సేవ్ అయితే దోషం ఏదో యాడ్-ఇన్‌దే (వర్డ్‌కు అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రామ్‌దే) అయ్యుంటుంది. ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్‌కి వెళ్లి, కింద మేనేజ్ దగ్గర కామ్ యాడ్-ఇన్స్ ఎంచుకుని, ఒక్కొక్కటే టిక్ తీసి చూడండి. టైటిల్ బార్‌లో ‘అన్‌లైసెన్స్‌డ్ ప్రోడక్ట్’ అని ఉంటే మాత్రం ఈ తంటాలేవీ వద్దు, లైసెన్స్ గడువు చూసుకోండి.

పెన్ డ్రైవ్ మీదో నెట్‌వర్క్‌లోనో ఉన్న ఫైలుతో రోజూ పని ఉంటే, ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ తెరిచి కింద సేవ్ విభాగం దాకా వెళ్లండి. ‘కాపీ రిమోట్లీ స్టోర్డ్ ఫైల్స్’ అని మొదలయ్యే దానికి టిక్ పెడితే వర్డ్ ముందు మీ కంప్యూటర్‌లో పనిచేసి, సేవ్ కొట్టినప్పుడు అక్కడి ఫైలును మారుస్తుంది. దాని దగ్గరే ‘ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ’ ఉంటుంది. దానికీ టిక్ పెడితే ప్రతి సేవ్‌కీ అంతకుముందు సేవ్ చేసిన రూపం ‘బ్యాకప్ ఆఫ్’ అన్న పేరుతో పక్కనే నిలుస్తుంది. తెరవాలంటే ఓపెన్ పెట్టెలో ఆల్ ఫైల్స్ ఎంచుకోండి, లేకపోతే కనిపించకపోవచ్చు.